కుక్కకు కోటు ఎందుకు కుదరదు? కోరాపుట్ చలి నుంచి చంద్రపూర్ ఎండ దాకా కొలతల లెక్క

క్లుప్తంగా: దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరికే పెంపుడు కుక్కల దుస్తులకు చాలావరకు వీపు పొడవును బట్టి సైజు వేస్తారు. కుక్క ఒంటి మీద గుడ్డ నిలిచేదీ, చెదిరేదీ మాత్రం ఛాతీ దగ్గర, ముందుకాళ్ళ చంకల దగ్గర. అందుకే నాటు కుక్కకు తెచ్చిన కోటు నడుము దగ్గర వేలాడుతుంది, పగ్‌కు తెచ్చినది మెడ దగ్గర బిగుస్తుంది. ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లో దీనికి వాతావరణం తేడా కూడా తోడైంది. కోరాపుట్ కొండల మీద డిసెంబరులో పనికొచ్చిన కోటు బరంపురంలో కుక్కకు హాని చేయవచ్చు. చంద్రపూర్‌లో మే నెలలో చల్లబరిచే తడి కోటు, బరంపురం ఉక్కలో అలా పనిచేయదు.

ఒకే ఘాట్ రోడ్డు, రెండు చలికాలాలు

డిసెంబరు రాత్రి సాలూరులో పలచటి దుప్పటి సరిపోతుంది. ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి దాటి సిమిలిగుడ చేరేసరికి రగ్గు వెదుక్కోవాలి. కోరాపుట్ పట్టణం సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరం (1,672 మీటర్లు) కూడా ఈ జిల్లాలోనిదే. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఆ లెక్కన కింది మైదానానికీ కోరాపుట్‌కూ సుమారు అయిదు డిగ్రీల తేడా సాధారణంగా ఉంటుంది. మబ్బు లేని శీతాకాలపు రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది, బరువెక్కిన చల్లగాలి కొండల మధ్య పల్లాల్లోకి దిగి పేరుకుంటుంది. కోరాపుట్, సునాబెడ, సిమిలిగుడ ప్రాంతాల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడానికి ఈ రెండూ కారణాలు.

అక్కడి నుంచి తూర్పుకు దిగి గుణుపూర్, పర్లాకిమిడి మీదుగా బరంపురం వెళితే చలి తగ్గి తేమ పెరుగుతుంది. మహారాష్ట్ర వైపు సిరొంచ, బల్లార్షా, చంద్రపూర్‌లలో చలి ఓ మోస్తరే గానీ, వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులు మామూలు. ఈ ఊళ్ళన్నిటిలోనూ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. బంధువులు, స్నేహితులు ఒకరిని చూసి ఒకరు కుక్కలకు దుస్తులు కొనడం, కుట్టించడం జరుగుతోంది. అయితే ఒక ఊరి అనుభవం ఇంకో ఊరికి అతకదు.

ఏ కుక్కకు అవసరం, దేనికి కాదు

కుక్క సాధారణ శరీర ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్, అంటే మనిషి కంటే ఎక్కువ. చెమట గ్రంథులు పనిచేసేది పాదాల మెత్తల్లోనే కాబట్టి అది వేడిని ప్రధానంగా రొప్పడం ద్వారానే వదులుతుంది. చలిని ఆపేది వెంట్రుకల మధ్య నిలిచిన గాలి పొర. పొమేరియన్, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి వాటికి పై బొచ్చు కింద మెత్తటి ఉన్నిలాంటి రెండో పొర ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పొమేరియన్‌కు సునాబెడ చలిలో కూడా కోటు అక్కర్లేదు. వేస్తే ఆ రెండో పొర అణిగిపోయి గాలి పట్టే శక్తి తగ్గుతుంది, రాపిడికి బొచ్చు చిక్కులు పడి ఉండలు కడుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉన్నా ఆ కుక్కకు కోటు వల్ల నష్టమే ఎక్కువ.

నాటు కుక్క సంగతి వేరు. దానికి పొట్టి బొచ్చు, కింది పొర పలచన, ఒంట్లో కొవ్వు తక్కువ. పెద్ద వయసు నాటు కుక్కకు, మూడు నాలుగు నెలల కూనకు, జబ్బుపడి చిక్కినదానికి, చర్మ వ్యాధి వల్ల బొచ్చు గొరిగించినదానికి కోరాపుట్ చలిలో కోటు నిజంగానే మేలు చేస్తుంది. ముధోల్, మరఠ్వాడా వైపు కనిపించే కర్వానీ, పష్మీ లాంటి వేట జాతుల్లోనూ ఒంటి కొవ్వు తక్కువే, వాటికీ ఇదే వర్తిస్తుంది. బయట కట్టి ఉంచే కుక్క విషయంలో మాత్రం కోటు కంటే ముందు ఆలోచించాల్సింది పడక గురించి. సిమెంటు నేల మీద పడుకున్న కుక్క పొట్ట నుంచి వేడి నేరుగా నేలలోకి పోతుంది, వీపు మీద కోటు దాన్ని ఆపలేదు. రెండు గోనె సంచుల్లో వరిగడ్డి కుక్కి, నేలకు నాలుగంగుళాల ఎత్తున చెక్క మీద పరిస్తే చాలామంది కొనే కోటు కంటే బాగా పనిచేస్తుంది.

చలి వేస్తోందని కుక్క చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. వణకడం, ముడుచుకుని ముక్కును తోక కింద దాచుకోవడం, నడుస్తూ ఒక్కో పాదం ఎత్తి నిలబడడం. కోటు వేశాక రొప్పడం మొదలైతే అది అక్కర్లేదన్నట్టు, వెంటనే విప్పేయాలి.

మనిషి చొక్కా కుక్కకు ఎందుకు పట్టదు

పాత చిన్నపిల్లల టీషర్టు తొడిగి చూడడం అందరూ చేసే మొదటి ప్రయత్నం. అది దాదాపు ఎప్పుడూ వంకరపోతుంది. కారణం ఎముకల్లో ఉంది. మనిషి ఛాతీ వెడల్పుగా, ముందు వెనకల మధ్య పలచగా ఉంటుంది. చేతులు పక్కలకు వేలాడతాయి కాబట్టి చొక్కా చేతులు పక్క కుట్లలోంచి బయటికొస్తాయి. కుక్క ఛాతీ దీనికి తలకిందులు. పక్కల నుంచి నొక్కినట్టు ఇరుకుగా, పైనుంచి కిందికి లోతుగా ఉంటుంది. కాళ్ళు పక్కలకు కాకుండా సూటిగా కిందికి దిగుతాయి. అందువల్ల చంక రంధ్రాలు రెండూ పొట్ట వైపు, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. టీషర్టులో అవి వీపు వైపుకు జరిగి ఉంటాయి. కుక్క అడుగు వేసిన ప్రతిసారీ గుడ్డ ఛాతీ కింద బిగుసుకుని, వీపు మీద ఉబ్బుతుంది.

రెండో తేడా ఇంకా ముఖ్యం. మనిషికి భుజాన్ని రొమ్ము ఎముకతో కలిపే గట్టి జత్రువు ఉంది. కుక్కకు అది ఉందో లేదో అన్నంత చిన్న అవశేషమే. భుజపు పలక ఎముక కండరాలతో మాత్రమే ఒంటికి అంటి ఉంటుంది. కుక్క పరుగెత్తేటప్పుడు ఆ పలక పక్కటెముకల మీద ముందుకీ వెనక్కీ జారుతుంది. శరీర బరువులో సుమారు 60 శాతం మోసేదీ ఈ ముందుకాళ్ళే. చంక గుడ్డ ముందు అంచు భుజపు కీలుకు అడ్డుపడితే కుక్క అడుగు చిన్నదవుతుంది. బయటికి కుక్క ఎందుకో మందకొడిగా ఉందనిపిస్తుంది, నిజానికి కోటు దాన్ని పట్టి లాగుతోంది.

మూడోది మెడ. కుక్క మెడ ఒంటి పైన నిలువుగా నిలబడదు, ముందుకూ పైకీ వాలుగా పోతుంది. అందుచేత మెడ రంధ్రం గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో, రొమ్ము వైపు కిందికి లోతుగా ఉండాలి. మనిషి చొక్కాలా గుండ్రంగా కత్తిరిస్తే తల దించి నీళ్ళు తాగేటప్పుడు అంచు గొంతును నొక్కుతుంది.

టేపు పెట్టే చోట్లు

కోరాపుట్‌లో ఒడియా దర్జీ ‘మాపొ’ అన్నా, చంద్రపూర్‌లో మరాఠీ దర్జీ ‘మాప్’ అన్నా కావలసినవి ఈ ఏడు కొలతలు. కుక్కను సమతలంగా ఉన్న నేల మీద నిలబెట్టి, మెడ పట్టీ తీసేసి, ఇంకొకరు బిస్కెట్టు చూపిస్తూ ఉండగా కొలవాలి. కూర్చున్న కుక్క వీపు కొలత తప్పు వస్తుంది.

మెడ: పట్టీ ఉండే చోటు కాదు, దానికి దిగువన భుజాలకు పైన, మెడ మొదలు. ఛాతీ: ముందుకాళ్ళ వెనక, పక్కటెముకలు అన్నిటికంటే ఎక్కువ ఉబ్బిన చోట ఒంటి చుట్టూ. నడుము: చివరి పక్కటెముక దాటాక. వీపు: మెడ మొదటి నుంచి తోక మొదటి దాకా. ముందుకాళ్ళ మధ్య దూరం: రెండు కాళ్ళ లోపలి అంచుల మధ్య, రొమ్ము ఎముక మీద. కాలి చుట్టు: ముందుకాలు ఒంటికి కలిసే చోట. ఆఖరిది పొట్ట పొడవు: గొంతు గుంట నుంచి పక్కటెముకల చివరిదాకా. మగ కుక్కకు ఈ కొలత మరీ అవసరం. దానికి మూత్రం వచ్చే చోటు పొట్ట మీదే ఉంటుంది, గుడ్డ అక్కడిదాకా వస్తే తడవక తప్పదు.

బొచ్చు ఎక్కువున్న కుక్కకు టేపును బొచ్చు అణిగేలా ఆనించాలి గానీ బిగించకూడదు. ఛాతీ కొలతను రెండుసార్లు తీసుకోవడం మంచిది. కుక్క ఊపిరి పీల్చినప్పుడూ వదిలినప్పుడూ అర అంగుళం దాకా తేడా రావచ్చు, పెద్ద అంకెనే రాసుకోవాలి.

రెడీమేడ్ సైజు ఎక్కడ తప్పుతుందో ఈ కొలతలే చూపిస్తాయి. ఉదాహరణకు ఒక నాటు కుక్కకు వీపు 20 అంగుళాలు, ఛాతీ 24 అంగుళాలు ఉండవచ్చు. పగ్‌కు వీపు 13 మాత్రమే ఉన్నా ఛాతీ 22 దాకా ఉండవచ్చు. వీపును బట్టి పగ్‌కు చిన్న సైజు కొంటే ఛాతీ దగ్గర పట్టదు, ఛాతీని బట్టి కొంటే తోకను దాటి వెనక్కు వేలాడుతుంది. డాక్స్‌హుండ్‌కు దీనికి ఎదురు చిక్కు. దాని వీపు పొడవు, కాళ్ళు పొట్టి. చేతులున్న స్వెట్టర్ వేస్తే ఆ చేతులు నేల రాస్తాయి. కొనక తప్పకపోతే ఛాతీకి సరిపోయే సైజు తీసుకుని పొడవు కుదించుకోవడం మేలు. పొడవు తగ్గించడం ఒక మడతతో అయ్యే పని, ఛాతీ పెంచాలంటే ముక్క అతకాలి.

కత్తిరింపు: ఒక నాటు కుక్క లెక్క

పైన చెప్పిన నాటు కుక్కకే ఫ్లీస్ (మెత్తటి నూగున్న సింథటిక్) గుడ్డతో చేతుల్లేని కోటు కుట్టే లెక్క ఇది. కొలతలు: మెడ 14, ఛాతీ 24, నడుము 19, వీపు 20, ముందుకాళ్ళ మధ్య నాలుగున్నర, కాలి చుట్టు 8 అంగుళాలు.

కోటు రెండు ముక్కలు. వీపును, పక్కలను కప్పే పెద్ద ముక్క ఒకటి. గొంతు కింద నుంచి ముందుకాళ్ళ మధ్యగా పొట్ట దాకా వెళ్ళే సన్నటి ముక్క రెండోది. చంక రంధ్రాలు ఈ రెండు ముక్కలు కలిసే కుట్టు మీదే పడతాయి, అందువల్ల వాటిని జరపడం, సరిదిద్దడం సులువు.

లూజు మెడకు ఒక అంగుళం, ఛాతీకి రెండు, నడుముకు రెండు. తయారైన కోటులో మెడ 15, ఛాతీ 26, నడుము 21 రావాలి. మెడ దగ్గర వీపు ముక్క 10, పొట్ట ముక్క 5. ఛాతీ దగ్గర 19, 7. నడుము దగ్గర 15, 6. ప్రతి అంచుకూ అర అంగుళం కుట్టు గుడ్డ కలపాలి కాబట్టి ఛాతీ దగ్గర వీపు ముక్కను 20కి, పొట్ట ముక్కను 8కి కత్తిరించాలి. గుడ్డను మధ్యకు మడిచి కోస్తే మడత మీద 10, 4 వస్తాయి. కాళ్ళ మధ్య నుంచి పోయే చోట పొట్ట ముక్క అయిదు అంగుళాలు దాటకూడదు. అంతకంటే వెడల్పైతే గుడ్డ ముడతపడి ముందుకాళ్ళ లోపల రాసుకుంటుంది.

చంక చుట్టు కాలి చుట్టు కంటే రెండు అంగుళాలు ఎక్కువ, అంటే 10. ఈ పదిలో ఎక్కువ వంపు వీపు ముక్కలోనే తీయాలి, ఆరంగుళాలు అందులో, నాలుగు పొట్ట ముక్కలో. వంపు ముందు వైపు లోతుగా, వెనక వైపు తక్కువగా ఉండాలి. భుజం ముందుకు జారినప్పుడు కీలుకు చోటు దొరకాల్సింది ముందు వైపే. కొత్తగా కుట్టే చేతులు ఎక్కువగా చేసే పొరపాటు ఇక్కడే. మనిషి చొక్కా అలవాటుతో వంపును రెండు వైపులా సమానంగా తీస్తారు.

వీపు ముక్క తోక మొదటికి రెండు అంగుళాల ముందే ఆగాలి, అంటే తయారైన పొడవు 18. పొట్ట ముక్క ఆడ కుక్కకు నడుము దాటి కొంచెం పోవచ్చు. మగ కుక్కకు పక్కటెముకల చివరే హద్దు, మూత్రం వచ్చే చోటికి కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. 60 అంగుళాల పన్నా ఉన్న ఫ్లీస్ అర మీటరు ఈ కోటుకు సరిపోతుంది, మెడ పట్టీకి కూడా ముక్క మిగులుతుంది. సాగే గుణం ఉన్న గుడ్డైతే సాగే వైపు ఒంటి చుట్టూ రావాలి. సాగేది పొడవు వైపు వస్తే కోటు రోజురోజుకూ వెనక్కు జారుతుంది.

అసలు గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు పాత దుప్పటి ముక్కతో ఒక నమూనా కుట్టి తొడిగి చూడాలి. ఒక గంట పని ఎక్కువైనా, ఆ నమూనా కాగితం దాచుకుంటే తర్వాతి కోట్లన్నీ దానితోనే నడుస్తాయి. పెరిగే కూనకైతే స్కూలు యూనిఫాంకు వదిలినట్టే పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదలాలి.

గుడ్డ, కుట్టు, మూత

చలి కోటుకు ఫ్లీస్, ఫ్లానెల్ రెండూ పనికొస్తాయి. ఫ్లీస్ త్వరగా ఆరుతుంది, అంచు పోగులూడదు. కానీ పొడి చలిలో రాపిడికి చిన్న కరెంటు పుట్టి బొచ్చు అంటుకుంటుంది. ఫ్లానెల్‌కు ఆ బాధ లేదు గానీ తడిస్తే ఆరడం ఆలస్యం. నూలు గుడ్డ ఏదైనా కత్తిరించే ముందు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాలి. కుట్టాక ముడుచుకుంటే రెండంగుళాల లూజు సగానికి సగం పోతుంది. చేతి అల్లిక ఉన్ని స్వెట్టర్‌లో గోళ్ళు ఇరుక్కుంటాయి. కుక్క కంగారుపడి లాగితే గోరు మొదటికంటా విరిగే ప్రమాదం ఉంది.

కుట్టు లోపలి అంచు చర్మానికి తగలకూడదు, ముఖ్యంగా చంకలో. ఓవర్‌లాక్ చేసిన అంచు గరుకుగా ఉంటుంది కాబట్టి చంక చుట్టూ మెత్తటి క్రాస్ పట్టీ (గుడ్డను ఏటవాలుగా కోసిన పట్టీ) కట్టడం తప్పనిసరి. సాగే గుడ్డను మామూలు కుట్టుతో కుడితే మొదటి రోజే తెగుతుంది, జిగ్‌జాగ్ కుట్టు వేయాలి.

కోటును మూసే చోటు వీపు మీద గానీ పక్కన గానీ ఉండాలి, పొట్ట మీద ఉంటే పడుకున్నప్పుడు గుచ్చుకుంటుంది. వెల్క్రో వేయడం సులువు, కానీ గరుకు పట్టీకి బొచ్చు చిక్కి రెండు వారాల్లో పట్టు పోతుంది. వేస్తే గరుకు వైపు బయటికి, మెత్త వైపు ఒంటి వైపుకు తిప్పాలి. జిప్పు వేస్తే దాని కింద అంగుళంన్నర వెడల్పు గుడ్డ పట్టీ లేకుండా వేయకూడదు, పళ్ళ మధ్య చర్మం నలుగుతుంది. అన్నిటికంటే మన్నేవి నొక్కే టిచ్ బటన్లు. కుట్టే బొత్తాలు, చెమ్కీలు, పూసలు, వేలాడే తాళ్ళు వద్దు. కుక్క కొరికి మింగితే పేగుకు అడ్డుపడి ఆపరేషన్ దాకా పోయే ప్రమాదం ఉంది. పండగకు, పెళ్ళికి పట్టు ముక్కతో కుట్టించినా జరీ అంచు మెడకు, చంకకు తగలకుండా నూలు లైనింగ్ వేయించి, ఫొటో అయ్యాక విప్పేయాలి.

గొలుసును కోటుకు ఎప్పుడూ తగిలించకూడదు. కోటు వీపు మీద అంగుళం పొడవు ఖాజా తీసి, లోపల వేసిన పట్టీ కొక్కెం దానిలోంచి బయటికి వచ్చేలా చేయాలి.

తొడిగి చూసినప్పుడు ఏది ఏం చెబుతుంది

కోటు తొడిగాక కుక్కను నిలబెట్టి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి, నాలుగడుగులు పరుగెత్తించి చూడాలి. మెడ, ఛాతీ అంచుల కింద రెండు వేళ్ళు సులువుగా దూరాలి. మూడు వేళ్ళు దూరి ఇంకా చోటుంటే కుక్క ముందుకాలిని దానిలో ఇరికించుకోగలదు.

చంక నుంచి వీపు వైపు కిరణాల్లా ముడతలు పోతుంటే రంధ్రం చిన్నది లేదా వెనక్కు పడింది. ముందు వైపు పావు అంగుళం చొప్పున కోస్తూ చూడాలి, ఒకేసారి అంగుళం కోస్తే వెనక్కు తెచ్చుకోలేం. కోటు ఒక పక్కకు తిరుగుతుంటే ఛాతీ లూజు ఎక్కువ, లేదా రెండు చంకలు ఒకే కొలతలో లేవు. గుడ్డంతా మెడ వైపు పోగవుతుంటే నడుము దగ్గర వదులు. వెనక అంచులో సన్నటి ఎలాస్టిక్ సగం చుట్టు మాత్రమే వేస్తే ఆగుతుంది, పూర్తి చుట్టు వేస్తే పొట్టను కోస్తుంది. తల దించినప్పుడు కుక్క దగ్గుతుంటే మెడ రంధ్రాన్ని రొమ్ము వైపు దింపాలి. కుక్క కదలకుండా బిగుసుకుని నిలబడిపోతే దాన్ని బుద్ధిగా ఉందని అనుకోకూడదు. భయపడిన కుక్క అలాగే చేస్తుంది. అయిదు నిమిషాలు వేసి విప్పడం, మర్నాడు పది నిమిషాలు, ఇలా వారం రోజుల్లో అలవాటు చేయాలి.

రోజుకొకసారైనా కోటు విప్పి చంక, మెడ, గజ్జ తడమాలి. వెంట్రుకలు రాలడం, ఎర్రబడడం, చెమ్మ కనబడితే అక్కడ రాపిడి ఉంది. కోటు కింద గోమార్లు (పిడుదులు) చేరితే కంటికి కనబడవు.

వేసవి తడి కోటు: చంద్రపూర్‌కు ఒకటి, బరంపురానికి మరొకటి

తడిపి వేసే చల్లటి కోట్ల చుట్టూ గందరగోళం ఎక్కువ. సూత్రం కుండ నీటిదే. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 క్యాలరీల వేడి కావాలి, అందులో కొంత కుక్క ఒంటి నుంచి పోతుంది. అయితే ఆవిరి కావడం గాలి పొడితనం మీద ఆధారపడుతుంది. చంద్రపూర్, బల్లార్షాల్లో మే నెల గాలి పొడిగా ఉంటుంది. అక్కడి ఇళ్ళలో నీళ్ళ కూలర్ గదిని చల్లబరిచినట్టే తడి కోటు కుక్కను చల్లబరుస్తుంది. అదే కూలర్ బరంపురంలో గదిని జిగటగా మారుస్తుంది. తడి కోటూ అంతే. గుడ్డ ఆరదు, దానికీ చర్మానికీ మధ్య గాలి తేమతో నిండి కదలక నిలిచిపోతుంది. రొప్పడం కూడా ఆవిరి మీదే నడిచే పని కాబట్టి తేమ గాలిలో కుక్కకు ఆ దారీ సగం మూసుకుపోయే ఉంటుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఇది ఇంకా ప్రమాదం.

పొడి ప్రాంతంలో వేసే తడి కోటు లేత రంగు పలచటి నూలుతో, వీపును, ఛాతీని కప్పేలా, పక్కలు తెరిచి ఉండేలా కుట్టాలి. తడిపి, పిండి, నీడలో గాలి ఆడే చోట మాత్రమే వేయాలి. చేత్తో తాకి ఆరుతుంటే మళ్ళీ తడపాలి. పూర్తిగా ఆరిన కోటు ఇక దుప్పటి కిందే లెక్క. వేడి దెబ్బ తగిలి కుక్క తూలుతుంటే, లాలాజలం చిక్కబడి, చిగుళ్ళు ఎర్రబారితే తడి తువ్వాలు కప్పి ఉంచడం తప్పు, అది వేడిని లోపల పట్టి ఉంచుతుంది. ఒంటి మీద నేరుగా నీళ్ళు పోస్తూ ఫ్యాను గాలి తగిలించి, వెంటనే పశువైద్యుడి దగ్గరికి చేర్చాలి. బరంపురంలోనైతే మొదటి నుంచీ కోటు జోలికి పోకుండా నీడ, ఫ్యాను, తడి నేల, గిన్నెనిండా నీళ్ళు చూసుకోవడం సరైనది.

వానకోటు

రాయగడ, కోరాపుట్ వానలకు గొడుగు గుడ్డతో కుట్టే పలచటి కప్పు చాలు. గొట్టంలా ఒంటి చుట్టూ మూసే వానకోటులో లోపలి ఆవిరే బొచ్చును తడుపుతుంది. వీపు మీద కప్పులా పరిచి పొట్ట కింద ఒక్క పట్టీతో ఆపితే గాలి ఆడుతుంది. వీపు నడిమధ్య కుట్టు వేయకూడదు, సూది రంధ్రాల్లోంచి నీరు దిగేది అక్కడే. టోపీ చెవులను, పక్క చూపును మూసేస్తుంది, వద్దు. ఇంటికి రాగానే విప్పి వేళ్ళ సందుల దాకా తుడవాలి.

ఆపరేషన్ తర్వాతి సూటు

దుస్తులు అలంకారం కాకుండా వైద్యానికి పనికొచ్చే సందర్భం ఇది. గర్భసంచి తీసే ఆపరేషన్ అయిన ఆడ కుక్క కుట్లను నాకకుండా మెడకు ప్లాస్టిక్ గరాటు కడతారు. కొన్ని కుక్కలు దానితో తిండి మానేస్తాయి, గుమ్మాలకు కొట్టుకుంటాయి. అలాంటప్పుడు మెడ నుంచి గజ్జ దాకా ఒంటిని పట్టి ఉంచే నూలు హోజరీ సూటు మంచి ప్రత్యామ్నాయం.

దీని లెక్క చలి కోటుకు భిన్నం. గుడ్డ సాగుతుంది కాబట్టి ఛాతీకి, నడుముకు లూజు కలపకూడదు, ఒంటి కొలతే పెట్టాలి. వదులుగా ఉంటే కుక్క ముక్కు లోపలికి దూరుతుంది. పొట్ట కుట్లు నడిమధ్య గీతలో ఉంటాయి గనుక సూటు పొట్ట ముక్కలో మధ్య కుట్టు రాకూడదు, గుడ్డ మడత మీద ఒకే ముక్కగా కత్తిరించాలి. పక్క కుట్లను గరుకు అంచు బయటికి వచ్చేలా తిప్పి వేయాలి. వెనక కాళ్ళ మధ్య నుంచి పైకి వచ్చే నాలుక లాంటి ముక్కను తోకకు ఇరువైపులా వీపు మీద టిచ్ బటన్లతో మూయాలి. మలమూత్రాలకు వెళ్ళినప్పుడు దాన్ని విప్పి పైకి మడిచి పెట్టుకోవచ్చు.

ఒక్క రోజుకు సర్దుబాటు కావాలంటే పెద్దపిల్లల నూలు టీషర్టును ముందు వైపు కుక్క వీపు మీదకు వచ్చేలా తొడిగి, మిగిలిన గుడ్డను వీపు మీద ముడి వేయవచ్చు. ముడి పొట్ట మీదకు రాకూడదు. చంకలు వంకర పడతాయి కాబట్టి అంతకు మించి ఉంచడం మంచిది కాదు.

మగ కుక్కకు ఈ సూటు అంత నమ్మకం కాదు. వృషణాలు తీసే ఆపరేషన్‌లో గాయం సాధారణంగా వృషణాల సంచికి ముందు, మూత్రం వచ్చే చోటికి దగ్గర్లో ఉంటుంది. దాన్ని కప్పితే మూత్రంతో గుడ్డ తడుస్తుంది, కప్పకపోతే నాలుక అందుతుంది. వాటికి గరాటే మేలు. పాదం, చెవి, తోక గాయాలకు సూటు దేనికీ పనికిరాదు.

కనీసం రెండు సూట్లు కుట్టించాలి. గుడ్డ మీద నుంచి నాకి తడిపినా గాయం నానుతుంది, తడిసిన వెంటనే మార్చాలి. పశువైద్యుడు కుట్లు తీసేది సాధారణంగా 10 నుంచి 14 రోజులకు. అప్పటిదాకా రోజుకు రెండుసార్లు సూటు విప్పి గాయం చూడాలి. వాపు పెరగడం, చీము, వాసన, కుట్టు ఊడడం, వీటిలో ఏది కనబడినా మళ్ళీ తొడగకుండా, కుక్కను గరాటుతోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.